వైరు పెట్టి చూసిన్రా?

రాయదుర్గం చుట్టుపక్కల ఈమధ్య లేచిన టవర్లలో చాలావాటికి ఇటుక గోడలు లేవు. అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసేస్తారు. బిల్డరు మొదలుకొని ఫ్లాటు కొన్నవాళ్ల దాకా అందరూ దాన్ని మైవాన్ అంటారు. పని తొందరగా తెములుతుంది, గోడ నున్నగా వస్తుంది. కానీ లోపల ఇనుప కడ్డీలున్న ఆ కాంక్రీటు వైఫై సిగ్నల్‌ను మింగేస్తుంది. హాల్లో టీవీ పక్కన ఫైబర్ బాక్స్ పెట్టిన ఇంట్లో, చివరి పడగ్గదికి వెళ్లేసరికి వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది. సగం మంది ఇంటి నుంచే ఆఫీసు పని చేసే ఇళ్లలో ఇది చిన్న బాధ కాదు.

అందుకే ఇక్కడ ఇద్దరు కలిస్తే మాట రౌటర్ల మీదికి మళ్లుతుంది. లిఫ్టు దగ్గర, మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గర, ఆఫీసు క్యాంటీన్ వరసలో. ఒకరు సిగ్నల్‌ను గది నుంచి గదికి అందించే మెష్ పెట్టెలు కొనమంటారు. వైఫై 7 వచ్చాక పాతవన్నీ పారేయాల్సిందేనని ఇంకొకరు. ఆపరేటర్‌నే మార్చెయ్యండి అని మరొకరు. నెట్‌వర్క్ పని మీద బతికినవాణ్ని కాబట్టి ఈ చర్చలంటే నాకు ప్రాణం. ఇలాంటి ప్రతి గుంపులోనూ ఒక మనిషి ఉంటాడు. అంతసేపూ వింటూ ఊరుకుని, అందరూ అలసిపోయాక ఒక్క మాట అడుగుతాడు: "అన్నా, వైరు పెట్టి చూసిన్రా?"

సాంకేతిక చర్చ అన్నదానికి ఏదైనా విలువ ఉంటే అది ఆ ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం.

వైరు పెట్టి చూడటమంటే, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, లాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్స్‌కు కలిపి వేగం కొలవడం. అక్కడ ప్లాన్‌లో చెప్పినంత వేగం వస్తుంటే ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు, లోపం ఇంట్లోనే ఉంది. అక్కడే రాకపోతే ఎంత ఖరీదు రౌటర్ కొన్నా డబ్బు దండగ. ఆ ఒక్క కొలతతో సగం వాదన తేలిపోతుంది. ఆ తర్వాత ఇంట్లోనే రెండు కంప్యూటర్ల మధ్య ఐపెర్ఫ్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుపుతారు. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా వైఫై ఒక్కటే ఎంత మోయగలదో అది చూపిస్తుంది. ఇక ఒక్కో గదిలో, తలుపు తీసి ఒకసారి, వేసి ఒకసారి. ఓపిక కావాలి అంతే.

"కేబుల్ పెట్టినా 94 దగ్గరే ఆగిపోతున్నది" అని ఎవరైనా అంటే అనుభవమున్నవాడు రెండో ప్రశ్న వెయ్యడు, కేబుల్ మార్చమంటాడు. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ పని చేయాలి. ఒక్క తీగ తెగినా, చివర క్లిప్పు సరిగ్గా క్రింప్ చేయకపోయినా లింకు చాలాసార్లు 100 మెగాబిట్లకు దిగిపోతుంది. అందులో డేటాతో పాటు వెళ్లే చిరునామాలూ ఇతర సమాచారమూ పోగా తెర మీద కనిపించేది సుమారు 94. ఈ అంకె ఏ ప్రకటనలోనూ ఉండదు. చేతితో పని చేసినవాళ్ల దగ్గర మాత్రమే దొరుకుతుంది.

మన నగరంలో ఈ అంకె అవసరం ఒకసారి బాగా తెలిసొచ్చింది. 2017 మార్చిలో యాక్ట్ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో నెలకు 5,999 రూపాయలకు ఒక గిగాబిట్ ప్లాన్ తెచ్చింది. దేశంలోనే మొదటి గిగాబిట్ నగరమని పత్రికలు రాశాయి. ప్లాన్ అయితే వచ్చింది గానీ, అప్పటికి చాలామంది ఇళ్లలో ఉన్న రౌటర్ల పోర్టులు 100 మెగాబిట్లవే. ఆపరేటర్ ఇచ్చే వేగం, ఇంటి పరికరం మోయగలిగే వేగం వేరువేరని అప్పుడు ఊరంతా నేర్చుకుంది.

మైవాన్ ఇళ్ల విషయంలో నా తీర్పు కూడా చెప్పేస్తాను. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. ముప్పై అంతస్తుల టవర్‌లో ఫోన్ తీసి చూస్తే పదుల సంఖ్యలో నెట్‌వర్క్‌లు కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటూ వేగమూ ఎక్కువే, కానీ కాంక్రీటు గోడ దాటేసరికి నీరసిస్తుంది. మెష్ పెట్టెలు రెండు కొన్నా అవి మాట్లాడుకోవాల్సింది ఆ గోడ గుండానే. కాబట్టి గోడలో పైపు ఉందేమో చూసి, చివరి గదికి క్యాట్-6 కేబుల్ లాగించి, అక్కడొక యాక్సెస్ పాయింట్ పెట్టించుకోండి. ఫ్లాటు ఇంకా కడుతుంటే ప్రతి గదికీ డేటా పాయింట్ కావాలని బిల్డర్‌ను ఇప్పుడే అడగండి. మాడ్యులర్ కిచెన్ గురించి పోట్లాడినంత గట్టిగా అడగండి. గోడ పోసేశాక అందులో పైపు పెట్టడం ఎవరి తరమూ కాదు.

కొలిచి మాట్లాడే ఈ అలవాటు 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు పుట్టింది కాదు. 1967లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్‌లో ఎ.ఎస్.రావు నాయకత్వంలో ఇంజినీర్లు కంప్యూటర్లు కట్టిన ఊరు ఇది. ఆ తరం వెళ్లాక, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల భవనం మెట్ల మీద, ఆ ఇరుకు దుకాణాల్లో మరో తరం తయారైంది. అక్కడ "ర్యామ్ పోయింది" అంటే సరిపోదు. దుకాణం అతను ఆ ర్యామ్ తీసి పక్క మెషిన్‌లో పెడతాడు, అందులో మంచిది తెచ్చి మీ మెషిన్‌లో పెడతాడు. మీ కళ్ల ముందే లోపం ఎక్కడుందో తేలిపోతుంది. అమీర్‌పేట మైత్రీవనం గదుల్లో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు పాఠాలు విన్న కుర్రాళ్లలో ఎందరో ఈరోజు రాయదుర్గం అద్దాల భవనాల్లో పెద్ద పెద్ద నెట్‌వర్క్‌లు నడుపుతున్నారు. పాఠం అమీర్‌పేటలో విన్నా, అనుమానించే పద్ధతి చాలామందికి పార్క్‌లేన్‌లోనే అబ్బిందని నేను అనుకుంటాను.

ఇప్పుడు ఆ పద్ధతి సెలవు రోజుల్లో కనిపిస్తుంది. నల్ అనే భద్రతా నిపుణుల సమూహానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది. దానికి ప్రవేశ రుసుము లేదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. దాడి ఎలా జరుగుతుందో చేతితో చేయించి నేర్పే తరగతిని హమ్లా అంటారు, కాచుకోవడం నేర్పేదాన్ని బచావ్ అంటారు. ఓవాస్ప్ అనే మరో భద్రతా సమూహం సభలూ అలాంటివే. గచ్చిబౌలిలో స్వేచ్ఛ వాళ్లు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి, తెలుగులో నడిచే కంప్యూటర్ గురించి పిల్లలకు చెబుతున్నారు. ఇలాంటి చోట కుర్చీలో కూర్చున్న ఇంజినీరింగ్ రెండో ఏడాది పిల్లవాడు, పదిహేనేళ్ల అనుభవమున్నాయన్ని "సార్, డెమో చూపిస్తారా?" అని అడగగలడు. ఆయన చూపించాలి. ఆఫీసులో హోదా గెలుస్తుంది, అక్కడ చూపించినవాడే గెలుస్తాడు. నాకు ఈ సమావేశాలు గుడికి వెళ్లినంత తృప్తినిస్తాయి.

ఇలా చూపించి మాట్లాడేవాళ్ల మాట ఒక్కోసారి దేశం దాకా వెళ్తుంది. 2015లో నెట్ న్యూట్రాలిటీ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగినప్పుడు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కో ధర పెడితే ఏమవుతుందో మామూలు జనానికి విడమర్చి చెప్పింది ఇలాంటి ఉత్సాహవంతులే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి ధరల తేడాను నిషేధించింది. కొన్ని వెబ్‌సైట్లనే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ అక్కడితో ఆగిపోయింది.

వేగం గురించి వాదించినంత ఉత్సాహం భద్రత దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లడం మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. మన కాలనీల్లో కెమెరా లేని గేటు లేదు. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమంతో అపార్ట్‌మెంట్లు, దుకాణాలు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నాయి. వాచ్‌మన్ గది మూలలో, దుమ్ము పట్టిన అల్మరా మీద, కెమెరాల దృశ్యాలు దాచే డీవీఆర్ పెట్టె ఉంటుంది. బిగించి వెళ్లిన అబ్బాయి పెట్టిన పాస్‌వర్డే చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఈ పెట్టెల మీదే పడింది. దాన్ని రాసింది కాలేజీ వయసు కుర్రాళ్లు. ఆ మాల్‌వేర్, కంపెనీ నుంచి వచ్చేటప్పుడు పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతలు దగ్గర పెట్టుకుని, ప్రపంచమంతటా కెమెరాలనూ డీవీఆర్‌లనూ తట్టి చూసింది. తెరుచుకున్నవాటన్నిటినీ ఒక సైన్యంగా కట్టింది. ఆ ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డైన్ అనే సంస్థ మీద మిరాయ్ కట్టిన అలాంటి సైన్యమే విరుచుకుపడితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సేవలు గంటల తరబడి అందలేదు.

మన దగ్గర ఇంకో మలుపు ఉంది. ఇప్పుడు చాలామంది ఆపరేటర్లు ఐపీ చిరునామాలు చాలక ఎందరో చందాదారులను ఒకే చిరునామా వెనక ఉంచుతున్నారు. దాన్ని సీజీనాట్ అంటారు. దాని వెనక ఉన్న డీవీఆర్‌ను బయటివాళ్లు నేరుగా తట్టలేరు. అయితే కమిటీ సభ్యులకు ఫోన్‌లో గేటు కనిపించాలి. అందుకోసం నెలకు కొంత ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ తీసుకుంటారు, రౌటర్‌లో పోర్టు తెరిపిస్తారు. ఆ క్షణం నుంచి గేటు కమిటీకి ఎంత కనిపిస్తుందో, పాస్‌వర్డ్ ఊహించగలిగిన ఎవరికైనా అంతే కనిపిస్తుంది. డీవీఆర్‌ను అందరికీ తెరవకుండానే ఫోన్‌లో చూడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకునే దారి ఉంది. 2020 నుంచి అది లినక్స్ కెర్నెల్‌లోనే భాగం, ఖర్చు లేదు.

ఈ ఐటీ కారిడార్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో జరిగింది చెబుతాను. రెండో అంతస్తు అబ్బాయి సెక్యూరిటీ ఉద్యోగి. అసోసియేషన్ మీటింగ్‌లో లేచి, మన కెమెరాలు బయటికి తెరిచి ఉన్నాయని అనుమానంగా ఉంది, అనుమతిస్తే చూపిస్తానన్నాడు. కార్యదర్శి సరేనన్నారు. అబ్బాయి తన ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో అసోసియేషన్ ఐపీ చిరునామా కొట్టాడు. డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చింది. అంతటితో ఆపి, ఫోన్ కార్యదర్శి చేతికిచ్చి "అంకుల్, పాస్‌వర్డ్ మీకు తెలుసు, మీరే కొట్టండి" అన్నాడు. ఆయన కొట్టారు. పిల్లలు ఆడుకునే చోటు, లిఫ్టు లాబీ, సెల్లార్, అన్నీ ఆ చిన్న తెర మీద వచ్చేశాయి. గది నిశ్శబ్దమైంది. మొదట లేచిన గొంతు మాత్రం "నువ్వెందుకు చూడాల్సొచ్చింది ఇదంతా?" అంది.

ఆ గొంతు ఒక్క అపార్ట్‌మెంట్‌ది కాదు. 2017 మేలో, హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి, అంబర్ సిన్హాతో కలిసి బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు బహిరంగంగా కనిపించి ఉంటాయని లెక్కగట్టారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులు. అంటే కూలికి వెళ్లే మన పల్లె మనుషుల నంబర్లు. లోపం చూపినందుకు మెచ్చుకోలు దక్కాల్సింది. దానికి బదులు ఆధార్ సంస్థ ఆ సెంటర్‌నే వివరాలు చెప్పమంటూ లేఖ రాసింది. మరుసటి ఏడాది జనవరిలో, 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని రాసిన ట్రిబ్యూన్ పత్రిక విలేకరి పేరు ఢిల్లీ పోలీసుల ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కింది.

దొంగనూ, తలుపు తీసి ఉందని చెప్పిన పొరుగువాణ్నీ ఒకే కళ్లతో చూస్తే నష్టం ఇంటివాళ్లకే. ఆ ఇద్దరికీ తేడా ఉంది, అది పెద్ద తేడా. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా అమ్మకానికి పెట్టిన 20 ఏళ్ల విద్యార్థిని గ్రేటర్ నోయిడాలో పట్టుకున్నారు. డేటా అమ్ముకోవడం నేరమే, అరెస్టు సబబే. కానీ అంతకు నెల ముందు ఇంకెవరైనా ఆ యాప్‌లోని లోపం కనిపెట్టి, ఏమీ తీసుకోకుండా, చెప్పాలనుకున్నారనుకోండి. వాళ్లకు ధైర్యమిచ్చేది ఏముంది? ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్తే పరిహారం కట్టాలి. అదే పని మోసపు బుద్ధితో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బుద్ధి ఏమిటో తేలేది కేసు నడిచాక. మేలు కోరి లోపం వెతికినవాడికంటూ విడిగా రక్షణ ఆ చట్టంలో రాసి లేదు. 2023 నాటి డేటా రక్షణ చట్టంలోనూ లేదు.

ఈ దారిలో ముందు నడిచిన దేశాలున్నాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2013లోనే లోపాలు ఎలా చెప్పాలో, చెప్పినవాళ్లతో ఎలా మెలగాలో మార్గదర్శకాలు రాసింది. తమ వెబ్‌సైట్లలో లోపం కనిపెట్టినవాళ్లకు ఒక టీషర్ట్ పంపుతుంది, పిల్లలు దాన్ని గర్వంగా తొడుక్కుంటారు. 2022 మేలో అమెరికా న్యాయశాఖ, మంచి ఉద్దేశంతో చేసిన భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టవద్దని తన న్యాయవాదులకు చెప్పింది. మన దగ్గర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ లోపాల సమాచారం తీసుకుంటుంది, 2021 నుంచి లోపాలకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలు కూడా ఇస్తోంది. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు భద్రతా పరీక్ష దాటితేనే అమ్మాలన్న నిబంధన వచ్చింది. అది చాలా మంచి అడుగు. అయితే అంతకుముందు గోడకెక్కిన కెమెరాలు గోడ మీదే ఉన్నాయి.

లోపం వెతికే పిల్లలకూ నేను చెప్పేది ఒకటుంది. మీ పరికరం మీద ఎంతైనా ప్రయోగించండి. ఇతరులదైతే రెండో అంతస్తు అబ్బాయిలాగా ముందు అడగండి, రాతలో అనుమతి తీసుకోండి. లోపం ఉందని రుజువైన చోటే ఆగండి, లోపలున్నది తెరిచి చూడకండి, ఒక్క ఫైలు కూడా దింపుకోకండి. మొదట యజమానికే చెప్పండి. సరిచేసుకునే గడువివ్వండి. గూగుల్ ప్రాజెక్ట్ జీరో 90 రోజులిస్తుంది, ఆ లెక్క సబబైనదే. చెప్పేటప్పుడు వినేవాళ్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. "పోర్టు ఎక్స్‌పోజ్ అయింది" అంటే కార్యదర్శి గారికి ఏమీ పట్టదు. "మన పిల్లలు ఆడుకునేది రోడ్డు మీద ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తోంది" అంటే పడుతుంది.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకూ రుజువు అడిగే ఈ అలవాటే కాపలా. "నేను సీబీఐ నుంచి మాట్లాడుతున్నా, నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్నవాడు బెదిరిస్తే, రుజువేదని అడిగి, ఫోన్ పెట్టేసి, తామే స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కోవచ్చని వాళ్లకు తెలియాలి. డిజిటల్ అరెస్టు అనేది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. ఈ సంగతి కొత్త ఫోన్ కెమెరా గురించి చెప్పినంత హుషారుగా ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు, జిల్లా కలెక్టరేట్లకు, మన కంపెనీలకు నా విన్నపం. మీ నోటీసు బోర్డు మీదా వెబ్‌సైట్ మీదా ఒక ఈమెయిల్ చిరునామా పెట్టండి. లోపం కనిపిస్తే ఇక్కడికి రాయండి, అనుమతి మేరకు చూసి చెప్పినవాళ్ల మీద ఫిర్యాదు చేయం అని కింద రెండు వాక్యాలు రాయండి. వచ్చిన ఉత్తరానికి మూడు రోజుల్లో జవాబివ్వండి. ఆ అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చారు, మరుసటి వారం పోర్టు మూసేశారు. ఇప్పుడు ఆ అబ్బాయి వాళ్ల అసోసియేషన్ టెక్నికల్ కమిటీలో ఉన్నాడు.